సొరంగాలు ఎన్ని నాన్నా?

ఆఖరి పరీక్ష రాసొచ్చిన పిల్లలు అట్టను అటక మీదికి విసిరేశారంటే, ఇక ఆ సాయంత్రం నుంచి ఇంట్లో ఒకటే ప్రశ్న... ‘నాన్నా, ఎక్కడికెళ్తున్నాం?’

వెనకటికి ఈ ప్రశ్నే లేదు. వేసవి సెలవులంటే అమ్మమ్మగారి ఊరు. అంతే! ప్రయాణం ఎర్రబస్సులో, పడక డాబా మీద నవారు మంచం, చూడాల్సిన ప్రదేశాలు చెరువుగట్టూ మామిడితోటా. నాన్న చేయాల్సిందల్లా పిల్లల్ని బస్సెక్కించి రావడం, నెలయ్యాక వెళ్లి తీసుకురావడం. నిజం చెప్పాలంటే మధ్యలో ఆ నెలరోజులూ సెలవులు ఆయనకే. ఇప్పుడేమో అమ్మమ్మలు కూడా అపార్ట్‌మెంట్లలోకి వచ్చేశారు. చెరువుగట్టు పక్కన ప్లాట్లేశారు. దాంతో సెలవుల బరువంతా నాన్నల నెత్తిన పడింది.

అప్పట్లో ఇంకో దారీ ఉండేది... తీర్థయాత్ర. తెలుగిళ్లలో టూరుకీ మొక్కుకీ మధ్య గీత చాలా సన్నం. తిరుపతి వెళ్లి గుండుతో తిరిగొస్తేనే సెలవులు సద్వినియోగమైనట్టు. జూన్‌లో బడి తెరిచిన రోజు క్లాసులో గుండ్లు లెక్కపెడితే చాలు, ఎంతమంది ఊరెళ్లొచ్చారో తెలిసిపోయేది.

గుంటూరులో ఓ నాన్న ఉన్నాడు. బ్యాంకు ఉద్యోగి. భార్య ఓ ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. పెద్దమ్మాయి, చిన్నోడు, వాళ్ల నాయనమ్మ... మొత్తం అయిదుగురు. ఆయన దగ్గర ఒక టూర్ల డైరీ ఉంది. ఎన్ని గంటలకు ఎక్కడ దిగాలి, ఎక్కడ టిఫిను, ఏ గుడికి ఎంతసేపు... అన్నీ అందులో ముందే రాసుకుంటాడు. ఆ డైరీ ప్రకారం జరిగిన టూరు మాత్రం ఇంతవరకూ ఒక్కటీ లేదు.

హైదరాబాద్ సంగతే చూడండి. సాలార్‌జంగ్ మ్యూజియంలో సంగీత గడియారం ఉంది కదా, గంటగంటకూ ఓ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి వెళ్తుంది. పన్నెండింటికైతే పన్నెండు గంటలు కొడుతుందని, పిల్లల్ని సరిగ్గా ఆ సమయానికి దాని ముందు కూర్చోబెట్టాడు నాన్న. పదకొండూ యాభై తొమ్మిదికి చిన్నోడు చిటికెనవేలు చూపించాడు. తండ్రీకొడుకులు తిరిగొచ్చేసరికి బొమ్మ తన పని ముగించుకుని లోపలికెళ్లిపోయింది. పోనీ చార్మినార్ అయినా గుర్తుందా అంటే, ఆ టూరులో వాడికి గుర్తున్నది లాడ్జిలో లిఫ్టొక్కటే!

శ్రీశైలం అడవిలో పులి కనబడుతుందని మూడు గంటలు కారు అద్దాల్లోంచి కళ్లు చిట్లించి చూశారు. పులి రాలేదు. కోతి వచ్చింది. నాయనమ్మ చేతిలోని కొబ్బరిచిప్ప లాక్కుని, ఆవిడ ముందే కూర్చుని తింది. ఇప్పటికీ ఇంట్లో ‘శ్రీశైలం’ అంటే డ్యామూ కాదు, మల్లన్నా కాదు, ఆ కోతే. ఏ ఇంట్లో అడిగినా ఇలాంటి కథే చెబుతారు. నాన్న వేల రూపాయలు పోసి చూపించింది ఒకటి, పిల్లలు ఇంటికి మోసుకొచ్చింది ఇంకొకటి.

నాలుగు రోజుల పర్మిషన్

ఈసారి టూరుకి ఓ చిక్కొచ్చింది. పెద్దమ్మాయి పదో తరగతి అయిపోయింది. తెలుగునాట పదో తరగతి అయిపోవడమంటే ఏమిటో పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలుసు. ఆ పిల్ల ఇంటర్‌లో చేరుతుంది. హాస్టల్లో చేరుతుంది. తెల్లారకముందే స్టడీ అవరు, అర్ధరాత్రికి దగ్గరగా నిద్ర. వేసవి సెలవులన్న మాట ఆ ఇంటి నిఘంటువులోంచి రెండేళ్లపాటు తీసేయాలి. ఆ తర్వాత ఎంట్రెన్సులు, కౌన్సెలింగు, ఎక్కడో దూరాన ఇంజినీరింగు... ఇక అందరూ కలిసి రైలెక్కేది ఎప్పుడు? పెళ్లిళ్లకే.

ఫీజు కట్టేశాక కాలేజీ వాళ్లు చల్లగా చెప్పారు. అసలు క్లాసులు జూన్‌లోనేనట గానీ, ‘పునాది తరగతులు’ ముందే మొదలవుతాయట. పదేళ్లు బడిలో వేసిన పునాది ఏమైందో నాన్న అడగలేదు. అడిగే ధైర్యం ఏ నాన్నకి ఉంది? నాలుగు రోజులు ఆలస్యంగా చేరుస్తానని మాత్రం బతిమాలాడు. సరేనన్నట్టూ కాదన్నట్టూ ఓ మాట అనిపించుకుని బయటపడ్డాడు.

ఎక్కడికి? పెద్దమ్మాయే చెప్పింది. ‘అరకు. రైల్లో.’

దానికి నాయనమ్మ షరతొకటి. ‘విశాఖపట్నం దాకా పోయి సింహాద్రి అప్పన్నను చూడకుండా వస్తార్రా ఎవరన్నా?’ ఆవిడ మనసులో ఉన్నది చందనోత్సవం. ఏడాదంతా చందనం పూతలో ఉండే స్వామి అక్షయ తృతీయ ఒక్కరోజే నిజరూపంతో దర్శనమిస్తాడు. ఆ ఒక్కరోజు కోసం జనం కొండ కింద రాత్రి నుంచే బారులు తీరతారు. డెబ్భై దాటిన తల్లిని ఆ వరసలో నిలబెట్టలేక, నాన్న తెలివిగా ఆ పండగ వెళ్లిన వారానికి టికెట్లు తీశాడు. ఆవిడకు అర్థం కాకపోలేదు. ‘చందనంలో ఉన్నా సామి సామే’ అని ఊరుకుంది.

టికెట్లంటే గుర్తొచ్చింది. రైలు రిజర్వేషన్ ఒకప్పుడు 120 రోజుల ముందు తెరిచేవారు. 2024 నవంబరు నుంచి దాన్ని 60 రోజులకు తగ్గించారు. పదో తరగతి పరీక్షల హడావుడిలో ఆ అరవై రోజులు కూడా దాటిపోయాయి. అరకు రైలుకి 2017లో అద్దాల పెట్టె తగిలించారు. పైకప్పుకీ అద్దాలే, కూర్చున్నచోటి నుంచే లోయంతా కనబడుతుంది. అందులో సీట్లు ఖాళీ లేవు. మామూలు పెట్టెలోనే దొరికాయి. ఇందులో విచారించాల్సిందేమీ లేదు. మామూలు పెట్టెలో కిటికీ తెరుచుకుంటుంది, చెయ్యి బయటపెట్టకుండా తిట్టడానికి అమ్మ ఉంటుంది, పల్లీలమ్మేవాళ్లు వస్తారు. అద్దాల పెట్టెలో ఈ భోగం ఎక్కడిది?

ఇక సామాను. వెళ్లేది నాలుగు రోజులకి. సర్దింది నలభై రోజులకి. పులిహోర, చపాతీలు, బంగాళాదుంప కూర, జంతికలు, కారప్పొడి, గోంగూర పచ్చడి సీసా. ‘విశాఖపట్నంలో అన్నం దొరకదా?’ అని నాన్న ఏటా అంటాడు. రైలు ఊరి పొలిమేర దాటకముందే పులిహోర డబ్బా మూత తీసేదీ ఆయనే.

రాత్రి రైలు. రాజమండ్రి దగ్గర గోదావరి మీదికి రాగానే బండి చప్పుడు మారుతుంది. నిద్రలో ఉన్నా నాయనమ్మకు అది తెలుస్తుంది. పిల్లలిద్దరినీ తట్టి లేపి చేతిలో చెరో రూపాయి బిళ్ల పెట్టింది. నదిలో నాణేలు వేయకూడదని స్కూల్లో చెప్పారంటూ చిన్నోడు నిద్రకళ్లతోనే వాదన మొదలుపెట్టాడు. వాడి వాదన పూర్తయ్యేసరికి వంతెన కూడా పూర్తయింది. ఆ బిళ్ల జేబులోకి వెళ్లిపోయింది. పెద్దమ్మాయి మాత్రం వేసింది. ఏం మొక్కుకుందో ఎవరికీ చెప్పలేదు.

విశాఖలో ఒక రోజు. పొద్దున సింహాచలం, సాయంత్రం రామకృష్ణా బీచి. 2001లో నౌకాదళం నుంచి రిటైరై మరుసటి ఏడాది మ్యూజియంగా మారిన కురుసుర జలాంతర్గామి ఆ ఒడ్డునే ఉంది. లోపల నడవాలంటే వంగాలి, తిరగాలంటే ఒదగాలి. అంతమంది నావికులు నెలల తరబడి అందులో ఎలా ఉన్నారని అమ్మ ఆశ్చర్యపోయింది. ఒకదాని మీద ఒకటిగా ఉన్న ఇరుకు పడకల్ని చూసి పెద్దమ్మాయి అంది... ‘హాస్టల్ కూడా ఇట్టాగే ఉంది నాన్నా.’ అందరూ నవ్వారు. నాన్న కాస్త ఆలస్యంగా నవ్వాడు.

996 మార్కులు

తెల్లవారాక కిరండూల్ రైలు. ఈ దారి ముందు మనుషుల కోసం వేసింది కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల్లో ఇనుప ఖనిజం ఉంది. దాన్ని విశాఖ రేవుకి చేర్చి జపాన్‌కి ఎగుమతి చేయడానికి 1960లలో తూర్పు కనుమల్ని తొలిచి కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఈ మార్గం వేశారు. ఇప్పటికీ ఎదురుగా ఖనిజం బండి వస్తోందంటే ప్రయాణికుల బండి పక్కకి తప్పుకుని నిలబడాల్సిందే. అలా ఆగిన ప్రతిసారీ డైరీలో టైము కొట్టేసి మళ్లీ రాశాడు నాన్న. మూడోసారికి డైరీ మూసేశాడు. టూరు అసలు అక్కడే మొదలైందని చెప్పుకోవాలి.

శృంగవరపుకోట దాకా మామూలు ఊళ్లే. బొడ్డవర దాటాక కొండలు దగ్గరికొస్తాయి. శివలింగపురం, తైడా, చిమిడిపల్లి... ఒక్కో స్టేషనూ ఒక్కో మెట్టు. బండి వంపు తిరిగినప్పుడు కిటికీలోంచి చూస్తే ముందున్న ఇంజినూ కనబడుతుంది, వెనకున్న ఆఖరి పెట్టే కనబడుతుంది. కింద ఎక్కడో లోతున చిన్న తాడులాగా ఒక దారి. మొదటి సొరంగం రాగానే పెట్టెలో చిన్నాపెద్దా తేడా లేకుండా ఒకటే కేక! ఆ కేకకి కారణం అడిగితే ఎవరూ చెప్పలేరు. చీకటి పడితే భయంతో అరుస్తారు గానీ, సొరంగంలో ఆనందంతో అరుస్తారు. పదో సొరంగానికి నాయనమ్మ కూడా అరిచింది.

కొత్తవలస-కిరండూల్ మార్గం మొత్తం మీద 58 సొరంగాలని లెక్క. అరకు దాకా ఎన్ని వస్తాయో తేల్చాలని అక్కాతమ్ముళ్లు పందెం వేసుకున్నారు. అక్క ఓ కాగితం మీద గీతలు పెట్టింది. తమ్ముడు వేళ్లు మడిచాడు. పోట్లాట ఎక్కడొచ్చిందంటే, మధ్యలో కాస్త వెలుగు వచ్చి మళ్లీ చీకటైతే అది ఒక సొరంగమా, రెండా? తీర్పు కోసం లెక్కల టీచరైన అమ్మ దగ్గరికి వెళ్లారు. ఆవిడ అప్పటికే నిద్రపోయింది. ఇంట్లో మధ్యాహ్నం పూట కునుకైనా తీయని మనిషి, అంత గోలలో కిటికీకి తల ఆనించి హాయిగా నిద్రపోతోంది. ఎవరూ లేపలేదు. అరకు చేరేసరికి తమ్ముడి లెక్కకీ అక్క లెక్కకీ మూడు తేడా. ఆ కేసు ఇంకా పెండింగులోనే ఉంది.

అరకుకి ముందు శిమిలిగుడ అనే చిన్న స్టేషనుంది. సముద్రమట్టానికి 996.32 మీటర్ల ఎత్తు. దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లన్నిటిలోకీ ఇదే ఎత్తయినదని అక్కడి బోర్డు చాలా ఏళ్లు గొప్పగా చెప్పుకుంది. పిల్ల ఆ అంకె చూసి ఫక్కున నవ్వింది. ‘వెయ్యికి 996. స్టేట్ ఫస్టేమో నాన్నా!’ ఇంటర్ మార్కుల హోర్డింగులు చూసి చూసి పెరిగిన పిల్ల కదా, కొండ కూడా మార్కుల్లాగే కనబడింది. 2008 నుంచి కాశ్మీర్ లోయలో రైళ్లు తిరగడం మొదలయ్యాక శిమిలిగుడకు ఆ ర్యాంకు పోయిందని నాన్న చెప్పాడు. ‘అయితే ఏమైంది? స్టేషను బాగానే ఉందిగా’ అన్నాడు చిన్నోడు. నిజంగానే బాగుంది. ర్యాంకు పోయిందని ఒక్క చెట్టు కూడా దిగులుగా లేదు.

వానండీ... వాన!

అరకు గురించి ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. మే నెలలో వెళ్తే బొమ్మల్లో చూసే అరకు ఉండదు. ఆ పసుపుపచ్చటి వలిసె పూల తోటలు చలికాలం మొదట్లో పూస్తాయి. సెలవులేమో ఎండాకాలంలో ఇస్తారు. విద్యాశాఖ వారూ వలిసెపూలూ ఎప్పుడూ కూర్చుని మాట్లాడుకున్నట్టు లేదు. మధ్యాహ్నం ఎండ ఇక్కడా ఉంటుంది. కానీ గుంటూరు ఎండలో మగ్గి వచ్చినవాళ్లకి, 900 మీటర్ల ఎత్తులో సాయంత్రం వీచే గాలి చాలు. నాయనమ్మ ఆ రాత్రి దుప్పటి అడిగింది. మేలో దుప్పటి అడగడం ఆవిడ జీవితంలో అదే మొదటిసారట.

ఎప్పుడు వెళ్లినా ఉండేవీ కొన్ని ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకి కూరగాయలు పండించడానికి వేసిన తోటే ఇప్పటి పద్మాపురం గార్డెన్స్. గిరిజనుల ఇళ్లు, పనిముట్లు, నగలు, వేటసామగ్రి చూపించే మ్యూజియం ఉంది. కాఫీ తోటలున్నాయి. పెద్దపెద్ద చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకుని మిరియాల తీగలు. ఒకే నేల మీద మూడంతస్తుల సేద్యం! ఇక్కడి అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాసన పీల్చి అమ్మ రెండు పొట్లాలు కొంది. బొంగులో చికెన్ దగ్గర మాత్రం నాయనమ్మ పక్కకి తిరిగి నిలబడింది. నూనె చుక్క వేయకుండా, వెదురుబొంగులో కూరి, ఆకులతో మూతి బిగించి, నిప్పుల మీద కాలుస్తారు. చిన్నోడు రెండు బొంగులు ఖాళీచేసి, ఖాళీబొంగు ఇంటికి తీసుకెళ్తానని పేచీ పెట్టాడు. తీసుకొచ్చాడు కూడా. ఇప్పుడు అందులో పెన్సిళ్లున్నాయి. ఇల్లంతా కొన్నాళ్లు మసాలా వాసన.

అసలు కథ చాపరాయి దగ్గర జరిగింది. డుంబ్రిగూడ వైపున్న వాగు అది. నున్నటి బండల మీద నీళ్లు జారుతుంటాయి. పిల్లలతోపాటు నాన్న కూడా ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి దిగాడు. దారి పొడవునా లేని సిగ్నలు సరిగ్గా అక్కడే వచ్చింది. ఫోను మోగింది. కాలేజీ నుంచి.

‘సార్, పాప ఇంకా రిపోర్టు చేయలేదు. క్లాసులు స్టార్టయిపోయాయి.’

‘జ్వరమండీ. కాస్త తగ్గగానే...’

‘వెనకాల ఆ శబ్దమేంటి సార్?’

‘వానండీ.’

‘గుంటూరులో వానా?!’

బయట ఎండ మండిపోతోందని అవతలివాళ్లు కిటికీలోంచి చూస్తూనే ఉండి ఉంటారు. నాన్నకి ఇంకేం తోచలేదు. ‘మా వీధి వరకే పడుతోందండీ’ అనేశాడు. ఫోను పెట్టేసి చూస్తే భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్లలు బండ మీద దొర్లుతున్నారు. ముప్పయ్యేళ్లుగా కొడుకుని అబద్ధమాడొద్దని తిడుతూ వచ్చిన నాయనమ్మ మాత్రం తాపీగా అంది... ‘జొరమంటే నాలుగు రోజులే వస్తది. టైఫాయిడ్ అని చెప్పకపోయావా, అబ్బాయ్?’

తిరుగు ప్రయాణం ఘాట్ రోడ్డు మీద, కారులో. దారిలో బొర్రా గుహలు. మేత మేస్తున్న ఆవు ఒకటి పైనున్న కంతలోంచి గుహలో పడిందని, వెతుక్కుంటూ దిగిన కాపరికి అది క్షేమంగా కనిపించడంతోపాటు పక్కనే శివలింగం కూడా కనిపించిందని అక్కడివాళ్లు చెబుతారు. గుహల దగ్గర పారే నది గోస్తని. పేరు కూడా ఆ కథకి సరిపోయింది. సున్నపురాతిని వాననీరు కరిగిస్తూ, బొట్టుబొట్టుగా జారుతూ, ఆ సున్నాన్ని మళ్లీ పేర్చుకుంటూ కట్టిన ఇల్లది. పైనుంచి వేలాడే రాయి ఒకటి, కింద నుంచి పైకి లేచే రాయి ఒకటి. కొన్నిచోట్ల రెండూ కలిసి స్తంభమయ్యాయి. గైడు టార్చి వేసి శివపార్వతులన్నాడు, తల్లీబిడ్డలన్నాడు, ఏనుగన్నాడు. చిన్నోడికి అన్నీ ఇడ్లీల్లాగే కనబడ్డాయి. ఆకలి వేళ మరి. ఈ రాళ్లు ఇంత పెరగడానికి వేల ఏళ్లు పడుతుందని అమ్మ పాఠం మొదలెట్టగానే పెద్దమ్మాయి ఓ రాయి కేసి చూస్తూ అంది, ‘దీనికి ఏ ఎంట్రెన్సూ లేదు కదమ్మా.’ గుహలో చల్లగా ఉంది. మెట్లు చాలానే. ఎక్కలేనంటుందని అందరూ అనుకున్న నాయనమ్మ, మనవరాలి భుజం పట్టుకుని అందరికంటే ముందు పైకొచ్చి నిమ్మకాయ సోడా తాగింది.

ఇంటికొచ్చిన మర్నాడే ట్రంకుపెట్టె దిగింది. కొత్త బకెట్టు, మగ్గు, పరుపు, తాళం. ఇన్నేళ్లూ టూరుకి సర్దిన అమ్మే ఇప్పుడు హాస్టలుకి సర్దింది. జంతికలు, కారప్పొడి, గోంగూర పచ్చడి సీసా... సామాను మారలేదు. వెళ్లేది మాత్రం ఒక్కరే. పెట్టె అడుగున పాత నోటుబుక్కులో ఆ సొరంగాల గీతల కాగితం నాన్న కంటబడింది. చూడనట్టే పైన దుప్పటి మడతపెట్టాడు.

బయల్దేరేముందు చిన్నోడు అక్కని నిలదీశాడు. ‘నీ లెక్క తప్పు. వచ్చే ఏడు మళ్లీ ఎక్కి లెక్కపెడదాం. అమ్మ నిద్రపోకూడదు.’

‘ఫస్టియర్ అయ్యాక పది రోజులు పంపిస్తారంటరా.’

‘పది రోజుల్లో రైలుకి ఒక్క రోజు చాలుగా?’

ఆ పది రోజులు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని ఆ సాయంత్రం కాలేజీ ఆఫీసులో నాన్న మూడుసార్లు అడిగాడు. ఇప్పుడే ఎలా చెబుతామన్నారు వాళ్లు. పాపకి జ్వరం తగ్గిందా అని కూడా అడిగారు. తగ్గిందన్నాడు. మీ వీధిలో వాన తగ్గిందా అని అడిగిన గుమాస్తా ముఖంలో నవ్వుందో లేదో ఆయనకి ఇప్పటికీ తేలలేదు.